బొమ్మ గనిలో రెండు పీపాలు

మొదటి షిఫ్టు ముగించుకుని పైకొచ్చి, లాంప్ రూములో దీపం అప్పగించి, బండి డిక్కీలోంచి ఫోన్ తీశాను. బొగ్గు బాయిలోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు. బీడీ, అగ్గిపెట్టె, ఫోన్, నిప్పురవ్వ పుట్టించే వస్తువు ఏదైనా పైన వదిలి దిగాల్సిందే. ఆ ఎనిమిది గంటల్లో లోకం నాకేం చెప్పాలనుకున్నా అది డిక్కీలో ఎండకు కాగుతూ పడి ఉంటుంది. ఆ రోజు పడి ఉన్నది ఒక మెయిలు. ఇంగ్లిషులో ఉంది. మీ పార్సిల్‌లో పేలుడు పదార్థాలు ఉన్నట్టు మా తనిఖీలో తేలింది, దాన్ని మేం పంపలేం అని దాని సారాంశం. నాకు మూడు దారులు చూపించారు. పార్సిల్‌ను దుకాణానికి తిప్పి పంపించవచ్చు, ధ్వంసం చేయించవచ్చు, లేదంటే దాని మీద హక్కు వదులుకుంటున్నానని రాసివ్వవచ్చు. గడువు ఐదు రోజులు.

రెండుసార్లు చదివి నవ్వాను. మూడోసారి చదివితే నవ్వు రాలేదు.

నేను షాట్‌ఫైరర్‌ని. గోదావరిఖని దగ్గర భూగర్భ గనిలో బొగ్గు గోడకు రంధ్రాలు వేయించి, వాటిలో పేలుడు మందు దట్టించి, అందరినీ వెనక్కి పంపి, గట్టిగా కేక వేసి, పేల్చడం నా ఉద్యోగం. పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకున్న నాటి నుంచి పద్దెనిమిదేళ్లుగా అదే పని. అలాంటి నాకు, ఎక్కడో జర్మనీలో గోదాములో కూర్చున్న ఎవరో పేలుడు పదార్థం అంటే ఏమిటో చెబుతున్నారు. వాళ్లు భయపడుతున్నది చింతగింజంత ప్లాస్టిక్ పీపాలను చూసి. అవి రెండు.

ఈ గొడవ మొదటి నుంచి చెప్పాలి.

నేను బొమ్మలు కొంటాను. చిన్న చిన్న ముక్కలు ఒకదానిలో ఒకటి బిగించి ఇల్లో, రైలో, ఓడో కట్టే సెట్లు. మా అమ్మాయికి ఏడేళ్లప్పుడు హైదరాబాదులో ఒక పెద్ద దుకాణంలో అగ్నిమాపక బండి సెట్టు కొనిచ్చాం. సగం కట్టి విసుగొచ్చి వదిలేసింది. ఒక మధ్యాహ్నం డ్యూటీ నుంచి వచ్చి, అన్నం తిని, మిగతా సగం నేను కూర్చుని కట్టాను. ముక్క ముక్కలో కూర్చున్నప్పుడు టక్కుమనే చప్పుడు నాకు నచ్చింది. ఆ చప్పుడు తర్వాత ఏదీ కూలదు, ఎవరూ వెనక్కి పరుగెత్తాల్సిన పని లేదు. అమ్మాయి ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. నేను మాత్రం ఆ సెట్ల దగ్గరే ఆగిపోయాను. ఆగిపోయాను అనడం కూడా తప్పే, అక్కడి నుంచి మొదలయ్యాను.

చిన్నప్పుడు బొమ్మలు లేనివాళ్లే పెద్దయ్యాక ఇలా తయారవుతారని మా బావ ఏదో వీడియోలో చూసి నాకు వైద్యుడిలా చెప్పాడు. నాకు చిన్నప్పుడు బొమ్మలకు కరువు లేదు. మా నాన్న బొగ్గు ఎత్తే కార్మికుడు. పేల్చిన తర్వాత మిగిలిన డిటోనేటర్ వైర్లు, ఎర్రవీ పసుపువీ, చుట్టలుగా తెచ్చేవాడు. మా అమ్మ వాటితో బుట్టలు అల్లేది. నేను బండ్లు, ఎడ్లు, బాయి మీద తిరిగే చక్రం చేసేవాణ్ని. మా క్వార్టర్ల వరుసలో అన్ని బొమ్మలు ఎవరికీ లేవు. కాబట్టి నాలో పూడ్చాల్సిన గుంత ఏదీ లేదు. నాకు ఇష్టం, కొంటాను. దీనికి కారణం వెతికేవాళ్లు క్రికెట్ చూసేవాళ్లను కారణం అడగరెందుకో నాకు అర్థం కాదు.

ఇన్నేళ్లలో నేను కట్టిన సెట్లలో పోలీసులు ఉన్నారు, డాక్టర్లు ఉన్నారు, మంటలార్పేవాళ్లు, రాకెట్‌లో పోయేవాళ్లు, కేకులు అమ్మేవాళ్లు ఉన్నారు. మా పని చేసే మనిషి ఎక్కడా లేడు. అలా వెతుకుతుంటే ఒక రోజు జర్మనీలోని చిన్న దుకాణం వాళ్ల పేజీలో కనిపించింది. పాత బొగ్గు గని సెట్టు. తయారీ ఎప్పుడో ఆపేశారు, వాళ్ల దగ్గర ఒక్కటే మిగిలింది. పైన చక్రం ఉన్న ఇనుప గోపురం, కింద సొరంగం, పట్టాల మీద రెండు బొగ్గు టబ్బులు, నలుగురు మనుషులు. ఆ నలుగురిలో ఒకడు మోకాలి మీద కూర్చుని, ముందు మందును పేల్చే చిన్న పెట్టె పెట్టుకుని, దాని పిడి మీద రెండు చేతులూ వేసి ఉన్నాడు. పక్కన రెండు ఎర్రటి పీపాలు, వాటి మీద మందు అని రాత. వాడు షాట్‌ఫైరర్. పాత కాలపువాడు, నా దగ్గరున్నలాంటి పరికరం వాడి దగ్గర లేదు. అయినా వాడు నేనే. నలభై ఆరేళ్లకు నా పని చేసే మనిషిని బొమ్మగా చూశాను.

ఆ దుకాణం వాళ్లు మన దేశానికి పంపరు. దానికి ఒక దారి ఉంది. ఫార్వార్డింగ్ సర్వీసు అని, డబ్బు తీసుకుని మనకు ఆ దేశంలో ఒక చిరునామా ఇస్తారు. ఆ చిరునామా అంటే వాళ్ల గోదాము, అందులో మన పేరు మీద ఒక నంబరు. దుకాణం దానికి పంపుతుంది. గోదాము వాళ్లు విప్పి చూసి, ఫొటో తీసి, మళ్లీ కట్టి మన ఇంటికి పంపుతారు. నేను అంతకుముందు రెండుసార్లు అలా తెప్పించుకున్నాను. నేనెన్నడూ చూడని ఊళ్లో నా పేరు మీద ఒక అర ఉందనుకుంటే నాకు గొప్పగా ఉండేది.

గని సెట్టు గోదాముకు చేరిందని తెలిసిన వారమే మంచిర్యాలలో మా అక్క మనవడి పుట్టినరోజు జరిగింది. మా బావకు అక్కడ సిమెంటు, ఇనుము దుకాణం. నాలుగు మాటలు మాట్లాడితే మూడు నవ్వించే మనిషి, నలుగురిలో ఉంటే ఇంకా హుషారు. భోజనాల దగ్గర ముప్పై మందికి వినిపించేలా అన్నాడు.

"పిల్లగానికి అచ్చిన బొమ్మలన్ని లోపట వెట్టున్రి. మా బామ్మర్ది కంట్ల వడ్డయంటె ఎత్కపోతడు!"

అందరూ నవ్వారు. మా అక్క కూడా నవ్వి, నా మొహం చూసి ఆపింది. ఇంకొకరెవరో, "మస్తు ఖర్చు వెడ్తడట గదనే" అన్నారు. నేను తాగనని, పేకాట ఆడనని, నా కష్టార్జితమని చెప్పుకోవచ్చు. ఎప్పుడూ అదే చెప్పేవాణ్ని. ఆ రోజు ఆ మాట చెప్పబుద్ధి కాలేదు. అలా చెప్పుకుంటే బొమ్మలు కొనడం కూడా తాగుడు వరుసలోదే, కాకపోతే కాస్త తక్కువ తప్పు అని నేనే ఒప్పుకున్నట్టు అవుతుంది.

"బావ, నాకు నచ్చింది నేను కొనుక్కుంట. గదానికి నీ సంతకం గావాల్నా?" అన్నాను.

నవ్వులు ఆగిపోయాయి. మా బావ విస్తరిలోకి చూస్తూ, "మాటవర్సకంటె గింత సీరియస్ ఏంది" అని గొణిగాడు. ఇంటికి తిరిగొస్తూ బండి మీద గోదావరి వంతెన దాటాం. దాటాక మా ఆవిడ అంది.

"గంతమందిల గట్ల అనుడేంది? అక్క మొఖం సూసినవా?"

"నా మొఖం సూసినవా నువ్వు?"

ఆ మెయిలు వచ్చింది మూడు రోజుల తర్వాత.

ఇంటికి వెళ్లి, స్నానం చేసి, వెంటనే జవాబు రాశాను. అది ప్లాస్టిక్ బొమ్మ అని, మీరు తీసిన ఫొటోలోనే కనిపిస్తోందని. మర్నాడు షిఫ్టు ముగిశాక చూస్తే సమాధానం ఉంది. మొదటి మెయిలులోని వాక్యాలే, కింద సంతకం మాత్రం వేరే పేరుతో. మళ్లీ రాశాను. మూడో పేరుతో మళ్లీ అవే వాక్యాలు. ఎవరో సెట్టు అట్టపెట్టె మీద మందు అన్న మాట చదివి కంప్యూటర్‌లో ఒక గడిలో గుర్తు పెట్టారు, తర్వాత ఎవరూ ఆ పెట్టె వైపు చూడలేదు. నాకు అర్థమైంది అంతే. రెండు రోజులు పోయాయి.

మూడో రోజు వచ్చిన మెయిలులో కొత్త వాక్యం ఒకటి ఉంది. ఆ వస్తువు ప్రమాదకరం కాదని ఈ రంగంలో అర్హత ఉన్న వ్యక్తి ధ్రువీకరించి సంతకం చేస్తే పరిశీలిస్తాం.

బండి మీద కూర్చునే గట్టిగా నవ్వాను. పక్కన బండి తీస్తున్న, నేను బాబాయి వరుసలో కాక అని పిలిచే ఒకాయన, "ఏమైందిరా?" అన్నాడు. గనిలో పైకప్పు కూలకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టే పని ఆయనది. ఇంకో ఏడాదిలో రిటైరవుతాడు. నాకు ఉద్యోగం కొత్తలో బాయిలో నడవడం నేర్పిన మనిషి. విషయం చెప్పాను.

"అర్హత ఉన్నోడు గావాల్నంటనా? మరి నువ్వేంది, గొర్రెలు గాస్తున్నవా?" అన్నాడు.

ఆ సాయంత్రం తెల్ల కాగితం మీద నా చేత్తో రాశాను. గని అధికారులనెవరినీ అడగలేదు, కంపెనీ పేరు రాయలేదు. నా పేరు, నా సర్టిఫికెట్ రకం, నా అనుభవం. తర్వాత ఇలా రాశాను: నేను రోజూ నిజమైన పేలుడు మందును చేత్తో పట్టుకుంటాను. దానికి వాసన ఉంటుంది, బరువు ఉంటుంది, దాని దగ్గర నిలబడ్డ మనిషి మెడ వెనక ఒక చల్లదనం ఉంటుంది. మీ దగ్గరున్న రెండు పీపాలు ప్లాస్టిక్. వాటిలో మందు లేదు, గాలి కూడా సరిగ్గా పట్టదు. వాటిని పేల్చడం నా వల్ల కాదు, కాబట్టి ఎవరి వల్లా కాదు.

మా అమ్మాయి నా భుజం మీదుగా చదివింది.

"బాపు, ఇంగ్లీషు గిట్ల రాస్తె నవ్వుతరు. మెడ ఎనక సల్లదనమేంది? ఇటియ్యి, నేను మంచిగ రాస్త."

"నీ ఇంగ్లీషు మంచిదే బిడ్డా. కని గా పీపాల సంగతి నాకు తెల్సు, నీకు తెల్వది."

ఆ పిల్ల రెండు స్పెల్లింగులు దిద్ది, ఫొటో తీసి పంపించింది.

నాలుగో రోజు సమాధానం వచ్చింది. ఈసారి కాస్త మెత్తగా ఉంది. మీ సహకారానికి కృతజ్ఞతలు, ఒక సౌకర్యం కల్పిస్తున్నాం, ఆ రెండు పీపాలను, వాటి పేరున్న అట్టపెట్టెను తీసి పారేసి మిగతా సెట్టంతా పంపిస్తాం, ఒప్పుకుంటే కింద నొక్కండి. రేపటితో గడువు ముగుస్తుంది.

నేను ఆ మెయిలు పట్టుకుని వంటింట్లోకి వెళ్లాను. మా ఆవిడ రొట్టెలు చేస్తోంది. చదివి వినిపించాను.

"ఇంకేంది మరి? గా రెండు డబ్బలు వోతె వోయినయి. మిగిలిందన్న అస్తది గద. ఒప్పుకో" అంది.

మామూలుగా చూస్తే ఆమె చెప్పిందే సబబు. ఒప్పుకోకపోతే సెట్టు పోతుంది, ఇచ్చిన డబ్బు పోతుంది, ఇంకో సెట్టు దొరకదు. వేలు బటన్ దాకా వెళ్లింది కూడా. కానీ పీపాలు లేని ఆ సెట్టును ఊహించుకున్నాను. టబ్బులు ఉంటాయి, చక్రం ఉంటుంది. ఒక మనిషి పెట్టె ముందు మోకాలి మీద కూర్చుని ఉంటాడు, చేసే పని ఏదీ ఉండదు.

"గా డబ్బలే నా నౌకరి" అన్నాను. "గవి లేకుంట ఆడు ఆడ ఎందుకు గూసున్నట్టు? నన్ను బాయిలకు తోలి, సేతుల మందు లేకుంట గూసోమంటె గూసుంటనా?"

రొట్టె పెనం మీదే ఉండిపోయింది. మా ఆవిడ నా వైపు చూసింది. పద్దెనిమిదేళ్లుగా నేను డ్యూటీకి బయల్దేరేటప్పుడు ఆమె జాగ్రత్త అనదు. ఆ మాట అంటే ఏదో అవుతుందని ఆమె భయం. టిఫిన్ డబ్బా చేతికిచ్చి లోపలికి పోతుంది. నేను బాయిలో పట్టుకునే మందు సంగతి మా ఇంట్లో మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

మాడిన రొట్టెను తీసి పక్కన పెట్టింది. "అయితె ఒప్పుకోకు" అంది. "మొత్తం పంపిస్తె పంపమను, లేకుంటె పంచాయితి వెట్టుకుందాం అను. ఎవల దగ్గర్నో అడుక్కుంటున్నమా? పైసలిచ్చినం."

ఆమె మాటనే ఇంగ్లిషులో రాశాను. తిప్పి పంపడానికి ఒప్పుకోను. ధ్వంసానికి ఒప్పుకోను. హక్కు వదులుకోను. ముక్కలు తీసేయడానికి ఒప్పుకోను. అట్టపెట్టెతో సహా మొత్తం పంపండి. మీ గోదాములో ఒక మనిషి లేచి వెళ్లి, ఆ పీపాను వేళ్ల మధ్య పట్టుకుని చూసి, అది పేలుడు పదార్థమని తన పేరుతో నాకు రాయమనండి. అలా రాస్తే నేను నోరు మూసుకుంటాను.

మర్నాడు ఎనిమిది గంటలు బాయిలో ఉన్నాను. ఆ రోజు రెండు సార్లు పేల్చాల్సి వచ్చింది. రెండోసారి ఒక రంధ్రం పేలలేదని అనుమానం వచ్చి, నిబంధన ప్రకారం ఆగి, వెళ్లి చూసి వచ్చాను. పైకొచ్చేసరికి ఒళ్లంతా అలిసిపోయింది. డిక్కీ తీయాలంటే భయం వేసింది. గడువులో అదే చివరి రోజు.

మెయిలు ఉంది. ఒకే ఒక వాక్యం, కింద ఒక ఫొటో. ఫొటోలో ఎవరిదో అరచేయి, అందులో రెండు ఎర్రటి పీపాలు. వాక్యం ఇదీ: నేనే స్వయంగా చూశాను, మీరు చెప్పింది నిజం, మొత్తం పంపుతున్నాం. ఆ అరచేయి ఆడమనిషిది, వేలికి ఉంగరం ఉంది. అంతకన్నా ఆమె గురించి నాకేమీ తెలియదు. ఆమె లేచి వెళ్లింది, అంతే కావాలి.

తర్వాత కస్టమ్స్ వాళ్లు కాగితాలు అడిగారు, పంపాను. పన్ను కట్టమన్నారు, కట్టాను. నెల తిరిగేలోపు చౌరస్తా దగ్గర కొరియర్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. పెట్టె ఒక మూల నలిగింది. పెట్టె మీది గోపురం బొమ్మకు అడ్డంగా తనిఖీ టేపు అంటించారు. లోపల మాత్రం అన్నీ ఉన్నాయి.

సెలవు రోజు ఉదయం కూర్చుని కట్టాను. మా ఆవిడ మొదటిసారి పక్కన కూర్చుని ముక్కలు రంగుల వారీగా వేరు చేసి ఇచ్చింది. పీపాలు రెండూ ఆమే పెట్టింది, మనిషికి కాస్త దూరంగా. "గింత దగ్గర వెట్టద్దు" అంది. నేను వాటిని అక్కడే నొక్కి బిగించాను.

సాయంత్రం కాక వచ్చాడు. గొడవంతా విన్నవాడు కదా, చూడాలని వచ్చాడు. జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకుని, బల్ల ముందు కుర్చీ జరుపుకుని, సొరంగంలోకి తల వంచి చూశాడు. చాలాసేపు చూశాడు. మెచ్చుకుంటాడనుకున్నాను.

"గీ బాయి ఎవడు నడిపిస్తుండురా?" అన్నాడు. "పైకప్పుకు ఒక్క దిమ్మె లేదు. గీ పోరగాండ్లను లోపటికి ఎట్ల తోలిండ్రు?"

"బొమ్మనే కాక."

"బొమ్మయితేంది, మనుషులు లేరా?"

ఆయన నవ్వడం లేదు. ఆయన తోటివాళ్లు ఇద్దరు పైకప్పు కూలి చనిపోయారు. మర్నాడు షిఫ్టుకు వచ్చేటప్పుడు చిన్న కాగితం పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టాడు. అందులో ఎనిమిది దిమ్మెలు, వేలెడంత పొడవు, టేకు చెక్కవి. ప్రతిదాని పైన పెట్టడానికి అడ్డ చెక్క, బిగించడానికి గోరంత చీలిక. ఇంటికి వెళ్లి సొరంగంలో రెండు వరుసలుగా నిలబెట్టాను. చీలికలు బిగించాక పైకప్పు నిజంగానే కదలడం మానేసింది.

ఫొటో తీసి, ఇలాంటి సెట్లు సేకరించేవాళ్ల గుంపు ఒకటి ఆన్‌లైన్‌లో ఉంటే అందులో పెట్టాను. గంటలోపే విమర్శలు మొదలయ్యాయి. ఎక్కడో లండనో ఏదో ఊరివాడు రాశాడు, ఇంత అరుదైన సెట్టులో ఎవరైనా కట్టె పుల్లలు గుచ్చుతారా, దాని విలువ పోయింది, మీరు దాన్ని పాడు చేశారు అని. దానికి నలభై మంది అవునన్నారు. పీపాలు తీసేస్తామంటే ఒప్పుకోకుండా అంత పోట్లాడి, ఇప్పుడు నువ్వే మార్చేశావేంటని మా అమ్మాయి కూడా అడిగింది. ఆ సెట్టు నాది, గోదాము వాళ్లది కాదు, ఆ నలభై మందిదీ కాదు.

మా బావ ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నాడు. పండక్కి వచ్చి బొమ్మ గనిని చూసి, ధర అడిగాడు. చెప్పలేదు.

ఆ లండన్ మనిషి మాటలు ఫొటో పెట్టిన మర్నాడే షిఫ్టు ముందు కాకకు చదివి వినిపించాను. తల పంకిస్తూ విన్నాడు.

"గానికి దిమ్మె అంటె ఏందో ఎరుకేనా?"

"ఎరుక లేనట్టుంది కాక."

"మరి జెప్పు" అని దీపం తగిలించుకుని బాయి వైపు నడిచాడు.

ఆ సాయంత్రం ఆ లండన్ మనిషికి జవాబు రాశాను. కర్ర ఎట్లా ఎంచుతారో, చీలిక ఎటు నుంచి కొడతారో, బరువు పడ్డప్పుడు దిమ్మె ముందుగా ఏ చప్పుడు చేస్తుందో, ఆ చప్పుడు విన్నవాళ్లు ఎంత వేగంగా బయటికి రావాలో. పేజీన్నర అయింది. ఈసారి మా అమ్మాయిని స్పెల్లింగులు కూడా చూడమనలేదు.